ముందు డెమో, తర్వాతే ఫీజు

అమీర్‌పేటలో డెమో లేకుండా కోర్సు అమ్ముడుపోదు. మైత్రీవనం నుంచి ఆదిత్య ట్రేడ్ సెంటర్ దాకా నడిచేలోపే జావా, టెస్టింగ్, శాప్, డేటా సైన్స్ కరపత్రాలు గుప్పెడు చేతిలో పడతాయి. ఊరి నుంచి వచ్చి హాస్టల్లో దిగిన బీటెక్ కుర్రాడు కరపత్రం చూసి డబ్బు తియ్యడు. రెండు మూడు డెమో క్లాసులు ఊరికే వింటాడు, పక్క ఇన్‌స్టిట్యూట్‌లోనూ కూర్చుంటాడు, సార్ చెప్పేది బుర్రకెక్కుతోందో లేదో చూసుకుంటాడు, ఆ తర్వాత ఫీజు బేరమాడతాడు. అంత తెలివిగా కోర్సు కొన్న ఆ కుర్రాడే కొన్నేళ్లకు తండ్రవుతాడు. నాలుగేళ్లొచ్చినా కొడుక్కి మాటలు రాలేదని దిగులు పట్టుకున్నప్పుడు, అర్ధరాత్రి ఫోన్‌లో కనపడిన ప్రకటన నమ్మి ఏదో యాప్‌కి ఏడాది చందా కట్టేస్తాడు. భయంలో ఉన్నవాడికి డెమో గుర్తుకు రాదు.

ప్రత్యేక అవసరాలున్న పిల్లల చదువుకు ఇప్పుడు యాప్‌లకు కొదవలేదు. మంచివి ఉన్నాయి, ఉచితమైనవీ ఉన్నాయి, తెలుగు పలికేవి కూడా కొన్ని ఉన్నాయి. చిక్కంతా ఎంచుకోవడంలో ఉంది.

2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. చూపు లేని పాపకు పనికొచ్చే సాధనం ఆటిజం ఉన్న బాబుకు ఎందుకూ కొరగాదు. ఆటిజం ఉన్న ఇద్దరు అన్నదమ్ములకే ఒకటే యాప్ సరిపోకపోవచ్చు. కాబట్టి యాప్ స్టోర్ తెరిచి ‘ఆటిజం’ అనో ‘డిస్లెక్సియా’ అనో వెతకడం దండగ. డాక్టర్ రాసిన పేరు కాసేపు పక్కనపెట్టి, ఇంట్లో, బడిలో రోజూ పని ఎక్కడ ఆగిపోతోందో కాగితం మీద ఒక్క వాక్యంలో రాసుకోవాలి. ‘దాహమేస్తే అడగలేక ఏడుస్తోంది.’ ‘పాఠం చెబితే అర్థమవుతుంది, పుస్తకం తెరిస్తే చదవలేడు.’ ‘బోర్డు మీద రాసింది కనపడదు.’ ‘టీచర్ అటు తిరిగి మాట్లాడితే ఏమీ అందదు.’ ఈ నాలుగు వాక్యాలకు నాలుగు వేర్వేరు సాధనాలు. వాక్యం రాయలేకపోతే యాప్ కొనే వేళ ఇంకా రాలేదన్నమాట.

చూపు సంగతితో మొదలుపెడదాం. ఇక్కడ సాధనాలు పాతవి, గట్టివి, చాలావరకు ఉచితం. అమీర్‌పేటను ఆనుకునే ఉన్న బేగంపేటలో, మయూరి మార్గ్‌లో, దేవ్‌నార్ అంధుల పాఠశాల ఉంది. కంటి వైద్యుడు సాయిబాబా గౌడ్, జ్యోతి గౌడ్ దంపతులు పెట్టిన దేవ్‌నార్ ఫౌండేషన్ 1991లో మొదలైంది. మచిలీపట్నం దగ్గరి సీతారామపురంలో పుట్టిన శ్రీకాంత్ బొల్లా చదువుకున్నది ఈ బడిలోనే. పదో తరగతి మంచి మార్కులతో గట్టెక్కినా, చూపు లేదు కనుక ఇంటర్‌లో సైన్స్ గ్రూప్ ఇవ్వబోమన్నారు. ఆయన కోర్టుకెక్కి ఆ అవకాశం సాధించుకున్నారు. పాఠ్యపుస్తకాలను ఆడియోగా మార్పించుకుని, విని, 98 శాతం మార్కులు తెచ్చుకున్నారు. ఐఐటీ కోచింగ్‌కి ఇక్కడ చోటు దొరకలేదు గానీ అమెరికాలో ఎంఐటీ పిలిచి సీటిచ్చింది. తిరిగొచ్చి బొల్లాంట్ ఇండస్ట్రీస్ పెట్టారు. 2024లో ఆయన కథ హిందీ సినిమాగా వచ్చింది. సినిమావాళ్లకు ఆ కథలో పట్టుదల కావాలి, సహజమే. తల్లిదండ్రులు పట్టుకోవలసింది మాత్రం ఆ ఆడియో పుస్తకాల్ని. పాఠం చెవికి అందే దారి దొరికాక ఆయనకు మార్కులు ఆగలేదు.

ఆ రోజుల్లో పుస్తకం ఆడియో కావాలంటే ఎవరో ఒకరు కూర్చుని చదివి రికార్డు చెయ్యాలి. ఇప్పుడు ఆండ్రాయిడ్ ఫోన్‌లలో టాక్‌బ్యాక్, ఐఫోన్‌లో వాయిస్‌ఓవర్ ముందే ఉంటాయి. సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీలోకి వెళ్లి ఆన్ చెయ్యడమే. విండోస్ కంప్యూటర్‌కి ఎన్‌వీడీఏ ఉంది. చూపులేని ఇద్దరు ఆస్ట్రేలియా ప్రోగ్రామర్లు, మైకేల్ కరన్, జేమ్స్ తే, 2006లో దీని పని మొదలుపెట్టారు. పైసా ఖర్చు లేదు, తెలుగు కూడా చదువుతుంది. అందులోని ఈస్పీక్ గొంతు మొదట్లో చెవికి గరుకుగా తగులుతుంది, పిల్లలు పెద్దల కంటే త్వరగా అలవాటు పడతారు. మెత్తని గొంతు కావాలంటే మైక్రోసాఫ్ట్ ఎడ్జ్ బ్రౌజర్‌లో బయటికి చదివే సదుపాయం ఉంది. అందులో శ్రుతి, మోహన్ అనే రెండు తెలుగు గొంతులు వార్తాపత్రిక పేజీని హాయిగా చదివి పెడతాయి. ముద్రణ చదవలేని వారి కోసం కేంద్ర ప్రభుత్వం 2016లో తెచ్చిన ఆన్‌లైన్ గ్రంథాలయం పేరు సుగమ్య పుస్తకాలయ.

ఇక్కడ తెలుగువాళ్లకే ఎదురయ్యే తంటా ఒకటుంది. ట్యూషన్ సార్ నోట్సు ఫొటో తీసి వాట్సాప్‌లో పెడతారు. స్క్రీన్ రీడర్‌కి అది బొమ్మే, అక్షరాలు కనిపించవు. పోనీ పీడీఎఫ్ పంపితే, అది యూనికోడ్ కాని అను ఫాంట్లలో డీటీపీ చేసినదై ఉంటుంది. కంటికి చక్కటి తెలుగు, స్క్రీన్ రీడర్ చదివితే అర్థంపర్థం లేని ఇంగ్లీషు గుర్తులు. అందుకే బడిని అడగవలసిన మొదటి సాయం ఖరీదైన ట్యాబ్ కానక్కర్లేదు. పాఠాన్ని యూనికోడ్ తెలుగులో టైప్ చేసి పంపండి అని అడిగితే చాలు. ఫోన్‌లో టైప్ చేసేదంతా యూనికోడే కనుక టీచర్‌కి అదనపు శ్రమ పెద్దగా ఉండదు.

ఇంకో మాట. కొంచెం చూపు మిగిలి ఉన్న పిల్లల్ని పూర్తిగా చూపు లేనివారి లెక్కలో వేసెయ్యడం మామూలైపోయింది. పంజాగుట్ట నుంచి ఆటోలో కాసేపట్లో వెళ్లగలిగే బంజారాహిల్స్ ఎల్.వి. ప్రసాద్ కంటి ఆస్పత్రిలో దీని కోసమే పునరావాస విభాగం ఉంది. స్క్రీన్ రీడర్ కావాలా, అక్షరం పెద్దదైతే సరిపోతుందా అన్నది అక్కడ తేల్చుకున్నాకే సాధనం ఎంచుకోవడం మేలు.

ఇప్పుడు చదవడంలో తడబడే పిల్లల సంగతి. బేగంపేటలోనే హైదరాబాద్ పబ్లిక్ స్కూల్ ఉంది. అక్కడ చదువుకున్న సత్య నాదెళ్ల 2014లో మైక్రోసాఫ్ట్ సీఈఓ అయ్యారు. 1996లో పుట్టిన ఆయన కొడుకు జైన్‌కి సెరిబ్రల్ పాల్సీ. ఆ బిడ్డను పెంచడం తన ఆలోచనను ఎలా మార్చిందో 2017లో వచ్చిన ‘హిట్ రిఫ్రెష్’ పుస్తకంలో ఆయన రాశారు. జైన్ 2022లో కన్నుమూశారు. వైకల్యం ఉన్నవారికి పనికొచ్చే సదుపాయాలను విడిగా అమ్మకుండా మామూలు సాఫ్ట్‌వేర్‌లోనే కలిపి ఇవ్వడం ఈ కాలంలో పెద్ద కంపెనీలన్నిటికీ అలవాటైంది. చదవడంలో తడబడే పిల్లలకు దానివల్ల ఎంతో మేలు జరిగింది. వర్డ్, వన్‌నోట్, ఎడ్జ్‌లలో ఉండే ఇమ్మర్సివ్ రీడర్ తెరిస్తే, పేజీలోని హంగులన్నీ తప్పుకుని అక్షరాలే మిగులుతాయి. వాటి మధ్య ఎడం పెంచుకోవచ్చు, ఒకసారి ఒక్క వరుసే కనపడేలా పెట్టుకోవచ్చు. చదువుతున్న మాట రంగుతో వెలుగుతూ ఉంటుంది. నెలనెలా చందా అడిగే చాలా ‘డిస్లెక్సియా యాప్‌లు’ ఇంతకు మించి చేసేది తక్కువ.

అయితే తెలుగు చదవడంలో తడబాటు ఇంగ్లీషు తడబాటు లాంటిది కాదు. యూట్యూబ్ నిండా బి, డి తారుమారు గురించే చెబుతారు. తెలుగు పిల్లాడు తొట్రుపడేది ప–వ దగ్గర, మ–య దగ్గర, ద–ధ దగ్గర. ఒత్తు అక్షరం కింద ఉంటుంది, పలకడం మాత్రం తర్వాత. ‘భక్తి’లో గుడి పైన క మీద ఉన్నా ఇకారం పలికేది కింది త తర్వాతే. ఇంగ్లీషు ఫోనిక్స్ యాప్ ఎంత మంచిదైనా దీన్ని నేర్పదు. మానేసర్‌లోని జాతీయ మెదడు పరిశోధన కేంద్రం 2015లో డిస్లెక్సియా పరీక్ష ‘డాలి’ని తెచ్చినప్పుడు కూడా అది మొదట వచ్చింది హిందీ, మరాఠీ, కన్నడ, ఇంగ్లీషుల్లో. తెలుగు చదువుకి తెలుగు పుస్తకాలే కావాలి. ప్రథమ్ బుక్స్ వారు 2015లో ప్రారంభించిన స్టోరీవీవర్‌లో బొమ్మల కథలు తెలుగులో ఉచితంగా, స్థాయిల వారీగా దొరుకుతాయి. 2019లో గూగుల్ తెచ్చిన ‘బోలో’, తర్వాత ‘రీడ్ అలాంగ్’గా పేరు మార్చుకున్నది, పిల్లలు బయటికి చదువుతుంటే విని దిద్దే యాప్. తెలుగు కూడా అందులో చేరింది. ఆలోచన బాగుంది గానీ, ఉచ్చారణ స్పష్టంగా లేని పిల్లలకు ఇలాంటివి ఇవ్వకూడదు. సరిగ్గా చదివినా యంత్రం తప్పంటే పిల్లాడు మళ్లీ నోరు విప్పడు.

అన్నిటికంటే ఎక్కువ అపోహలు ఉన్నది మాటలు రాని పిల్లల విషయంలో. బొమ్మ నొక్కితే మాట పలికే యాప్‌లు ఉన్నాయి. చెన్నైలో అజిత్ నారాయణన్ బృందం తయారుచేసిన ‘అవాజ్’ వాటిలో పేరున్నది, తెలుగులోనూ పలుకుతుంది, దానికి డబ్బు కట్టాలి. ఐఐటీ బాంబే డిజైన్ విభాగం చేసిన ‘జెల్లో’ ఉచితం. ‘యాప్‌కి అలవాటు పడితే ఇక నోటితో మాట్లాడదేమో’ అని అమ్మమ్మలు, నానమ్మలు భయపడతారు, వారిని చూసి తల్లులూ వెనకాడతారు. మిల్లర్, లైట్, ష్లోసర్ అనే పరిశోధకులు 2006లో అప్పటిదాకా వచ్చిన అధ్యయనాలను జల్లెడ పట్టారు. వాటిలో గట్టి ఆధారాలున్న 27 మందిని చూస్తే ఒక్కరికి కూడా మాట తగ్గలేదు. 89 శాతం మందిలో ఎంతో కొంత పెరిగింది. మాట కోసం ఎదురుచూస్తూ యాప్ ఇవ్వకుండా ఉండటం వల్లే నష్టం. అడగలేని పిల్ల కొరుకుతుంది, గీరుతుంది, తల గోడకేసి కొట్టుకుంటుంది. దాన్ని అందరూ మొండితనం అనుకుంటారు.

యాప్ తెరిచిన మొదటి రోజు చేయవలసిన పని అందులో వచ్చిన బొమ్మల్ని సగం దాచేసి ఇంటి మాటలు పెట్టడం. విదేశీ యాప్‌లో పిజ్జా, శాండ్‌విచ్ ఉంటాయి. పిల్లకి కావలసింది పెరుగన్నం, అప్పడం, తాతయ్య, మేడ మీదికి, ఫ్యాన్ వెయ్యి. అవి ఇంట్లో ఫొటో తీసి, అమ్మ గొంతుతో రికార్డు చేసి పెట్టుకోవచ్చు. ‘వద్దు’, ‘ఇంకా కావాలి’, ‘అయిపోయింది’ అనే మూడూ ఎప్పుడూ ఒకేచోట ఉండాలి. ‘వద్దు’ అనే బొత్తాం పెట్టడానికి పెద్దలు జంకుతారు. అది లేని యాప్ పిల్ల చేతిలో ఉన్నా పిల్ల మాట అనిపించుకోదు.

తర్వాత అసలు శ్రమ. పిల్ల నొక్కేదాకా కూర్చుంటే ఏమీ జరగదు, పెద్దలే నొక్కి చూపాలి. అన్నం పెడుతూ అమ్మ ‘అన్నం’ బొమ్మ నొక్కాలి, ‘ఇంకా కావాలా’ అంటూ నొక్కాలి. మనం నెలల తరబడి పసిబిడ్డతో బదులు ఆశించకుండా మాట్లాడుతూనే ఉంటాం కదా, ఇక్కడా అంత ఓపిక కావాలి. అల్లరి చేసిందని శిక్షగా ట్యాబ్ లాక్కోకూడదు. కార్టూన్లకు ఒక ఫోను, మాటకు ఇంకోటి ఉంటే మంచిది. రెండు కొనలేకపోతే ఐప్యాడ్‌లో గైడెడ్ యాక్సెస్, ఆండ్రాయిడ్‌లో యాప్ పిన్నింగ్ వాడితే పిల్ల ఆ యాప్‌లోంచి బయటికి పోదు. చార్జింగ్ అయిపోయిన రోజుకు అవే బొమ్మలు ప్రింట్ తీసి లామినేట్ చేయించి ఉంచాలి. బొమ్మకార్డు ఇచ్చి అడిగే పెక్స్ పద్ధతి 1985లో అమెరికాలో ఆండీ బాండీ, లోరీ ఫ్రాస్ట్ రూపొందించినప్పుడు ట్యాబ్‌లు పుట్టలేదు. కాగితంతోనే బోలెడు మంది పిల్లలు అడగడం నేర్చుకున్నారు.

కొన్ని సాధనాలను కొనడం కంటే తయారుచేసుకోవడమే మేలు. అమీర్‌పేట మెట్రో స్టేషన్ దీనికి మంచి ఉదాహరణ. మియాపూర్–ఎల్బీనగర్ లైను, నాగోల్–రాయదుర్గం లైను కలిసేది ఇక్కడే. ఆటిజం ఉన్న పిల్లాడికి ఆ జనం, ఆ మోత, బ్యాగు తనిఖీ, తలుపులు మూసుకునే ముందు వచ్చే శబ్దం అన్నీ ఒక్కసారిగా మీద పడతాయి. కేరోల్ గ్రే అనే అమెరికా టీచర్ 1990ల మొదట్లో ‘సోషల్ స్టోరీ’ అనే పద్ధతి తెచ్చారు. జరగబోయేది ముందే చిన్న కథగా చెప్పడం దాని సారం. తండ్రి ఒక్కడే ఒకరోజు వెళ్లి గేటు, తనిఖీ, లిఫ్టు, ప్లాట్‌ఫాం, సీటు ఫొటోలు వరుసగా తీసుకోవచ్చు. ఒక్కో ఫొటో కింద పిల్లాడి పేరుతో ఒక చిన్న వాక్యం: ‘బ్యాగు మెషీన్‌లో పెడతాం. అటువైపు మళ్లీ మనకే ఇస్తారు.’ మూడు భాషల్లో వచ్చే అనౌన్స్‌మెంట్ రికార్డు చేసి జోడించవచ్చు. ప్రయాణానికి ముందు కొన్నాళ్లు రోజూ చూపిస్తే, స్టేషన్ ఆ పిల్లాడికి కొత్త చోటు కాకుండా పోతుంది. ఫోన్ గ్యాలరీ చాలు, ఏ యాప్ స్టోర్‌లోనూ అమీర్‌పేట స్టేషన్ కథ దొరకదు.

వినికిడి విషయానికొస్తే, గూగుల్ 2019లో తెచ్చిన లైవ్ ట్రాన్స్‌క్రైబ్ ఎదుటివారి మాటను అప్పటికప్పుడు అక్షరాల్లో చూపుతుంది, తెలుగులో కూడా. చదవడం వచ్చిన పిల్లలకే అది ఉపయోగం. సైగల భాష నేర్చుకునే ఇంటికి భారతీయ సంజ్ఞాభాషా కేంద్రం నిఘంటువు ఉంది, 2021 నాటికి 10,000 పదాలకు చేరింది. దాని యాప్ పేరు ‘సైన్ లెర్న్’. పిల్లతో పాటు ఇంటిల్లిపాదీ నేర్చుకోకపోతే ఆ యాప్ ఉన్నా లేనట్టే.

ఇక డబ్బు మాట. ట్యాబ్ కొనే ముందు చట్టం చదవాలి. 2016 చట్టం 17వ సెక్షన్ ప్రకారం, నిర్దేశిత స్థాయిలో, అంటే 40 శాతానికి తగ్గకుండా, వైకల్యం ఉన్న విద్యార్థులకు 18 ఏళ్లు వచ్చేదాకా పుస్తకాలు, తగిన సహాయక పరికరాలు ఉచితంగా ఇవ్వాలి. 31వ సెక్షన్ 6 నుంచి 18 ఏళ్ల దాకా ఉచిత విద్య హక్కు ఇస్తుంది. వైకల్యాన్ని ధ్రువీకరించే సదరం సర్టిఫికెట్ లేదా యూడీఐడీ కార్డు ఉంటేనే ఈ తలుపులు తెరుచుకుంటాయి. అడిగేది నోటితో కాకుండా రాతపూర్వకంగా అడగాలి. మండలాల్లో భవిత కేంద్రాలు ఉన్నాయి, అక్కడ ఐఈఆర్పీలనే ప్రత్యేక విద్య టీచర్లు ఖర్చు లేకుండా దారి చూపుతారు. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో 1984లో నెలకొల్పిన జాతీయ మేధో దివ్యాంగుల సంస్థ ఉంది. అక్కడే వినికిడి, మాట సమస్యల జాతీయ సంస్థ ప్రాంతీయ కేంద్రం కూడా ఉంది. యాప్ చందా కట్టే ముందు అక్కడ ఒక పూట గడపడం లాభసాటి బేరం. నేషనల్ ట్రస్ట్ వారి నిరామయ బీమా ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, మేధో వైకల్యం, బహుళ వైకల్యాలున్న వారికి లక్ష రూపాయల దాకా వర్తిస్తుంది. థెరపీ ఖర్చు కూడా అందులోకి వస్తుంది.

పరీక్షల సంగతి కూడా ఇప్పుడే ఆలోచించుకోవాలి. కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం అర్హులైన అభ్యర్థులకు గంటకు కనీసం 20 నిమిషాలు అదనపు సమయం ఇవ్వాలి. రాసిపెట్టే సహాయకుణ్ని కోరుకోవచ్చు, కంప్యూటర్ మీద రాయడానికీ వీలుంది. కంప్యూటర్ మీద పరీక్ష రాయించాలనుకుంటే ఆ అలవాటు ఆరేడు తరగతుల నుంచే పడాలి. పదో తరగతిలో హడావుడిగా నేర్పితే చెయ్యి తిరగదు.

కొన్ని ప్రకటనలు చూడగానే పక్కకు తప్పుకోవాలి. ‘ఆటిజం నయం చేస్తాం’ అన్న యాప్‌కి ఒక్క రూపాయి కూడా ఇవ్వక్కర్లేదు. ప్రశ్నలు పది అడిగి ‘మీ బాబుకి ఫలానా జబ్బు’ అని తేల్చేవీ అంతే. ఆన్‌లైన్ థెరపీ అమ్మేవారిని రీహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రిజిస్ట్రేషన్ నంబరు అడగాలి. నిజమైన స్పీచ్ థెరపిస్టు, స్పెషల్ ఎడ్యుకేటర్ వెంటనే చెబుతారు. పిల్లల వీడియోలు అప్‌లోడ్ చెయ్యమంటే అవి ఎక్కడ దాస్తారో అడగాలి. 2023 డేటా రక్షణ చట్టంలో 18 ఏళ్లలోపు వారి సమాచారానికి తల్లిదండ్రుల అనుమతి తప్పనిసరి అని రాసుంది. చందా దానంతటదే పొడిగింపు కాకుండా కొన్న రోజే ఆపివేసుకోవాలి. రెండేళ్ల నుంచి నాలుగేళ్ల పిల్లలకు స్క్రీన్ రోజుకు గంటకు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. ‘ఎడ్యుకేషనల్’ అని పేరు పెట్టినంత మాత్రాన ఆ గంట రెండు కాదు.

డెమో ఎలా చెయ్యాలి? ముందు పెద్దలే యాప్‌తో ఒక పూట ఆడాలి. తెలుగు గొంతు ఉందా, అది మనిషి మాటలా ఉందా వినాలి. ఫ్లైట్ మోడ్ పెట్టి నెట్ లేకుండా నడుస్తుందో చూడాలి, ఎందుకంటే బస్సులో, పల్లెలో సిగ్నల్ ఉండదు. మెరుపులు, చప్పట్లు, డప్పులు ఆపుకునే వీలుందో లేదో చూడాలి. చప్పుడు పడని పిల్లలకు అవే హింస. తర్వాత పిల్ల పక్కన కూర్చుని ఒక వారం రోజూ కొద్దిసేపు వాడించాలి. మొదట రాసుకున్న ఆ ఒక్క వాక్యం పక్కన, ఏం మారిందో ఒక ముక్క రాస్తూ పోవాలి. అసలు పరీక్ష తెర బయట ఉంటుంది. ట్యాబ్‌లో పది దాకా లెక్కపెట్టే బాబు కంచంలో మూడు ఇడ్లీలు లెక్కపెట్టగలడా? తెర మీద ‘నీళ్లు’ నొక్కే పాప వంటింట్లోకి వచ్చి ఫిల్టర్ చూపించిందా? అలా జరగకపోతే ఆ యాప్‌ని నిర్మొహమాటంగా తీసెయ్యాలి, ఎంత మంది ఐదు నక్షత్రాలు ఇచ్చినా సరే. జరిగితే ఫీజు కట్టొచ్చు. అప్పుడు కూడా నెలకే, ఏడాదికి కాదు.

చివరగా తల్లిదండ్రులతో కాక, అమీర్‌పేటకు ఫైనల్ ఇయర్ ప్రాజెక్టు కోసం వచ్చే ఇంజినీరింగ్ విద్యార్థులతో ఒక మాట. ఏటా అవే లైబ్రరీ మేనేజ్‌మెంట్, అవే అటెండెన్స్ సిస్టమ్ ప్రాజెక్టులు చేతులు మారుతుంటాయి. ఈసారి ఒక బ్యాచ్ దగ్గర్లోని భవిత కేంద్రానికి వెళ్లి, అక్కడి టీచర్‌ని అడిగి, ఇంటి మాటలు తెలుగు గొంతుతో పలికే ఒక చిన్న బొమ్మల యాప్ చెయ్యండి. నెట్ లేకుండా, పాత ఫోన్‌లోనూ నడిచేలా చెయ్యండి. అను ఫాంట్ల పీడీఎఫ్‌ను స్క్రీన్ రీడర్ చదవగల యూనికోడ్‌గా మార్చే సులువైన సాధనం చేసినా చాలు. రెండింటికీ వాడేవాళ్లు బేగంపేట నుంచి ఆదిలాబాద్ దాకా ఉన్నారు.